చంద్రమతిని అమ్మే హక్కు

హరిశ్చంద్ర కథ చెప్పి, ఇందులో నీతి ఏమిటని బడిలో అడిగితే జవాబు సిద్ధం: సత్యమే పలకాలి. సరే, కాశీ నడివీధిలో చంద్రమతిని అమ్మకానికి పెట్టింది ఎవరు? విశ్వామిత్రుడికి మాట ఇచ్చింది రాజు, బాకీ రాజుది, వసూలుకు నక్షత్రకుడు వెంటపడ్డదీ రాజునే. ముందు అమ్ముడుపోయింది మాత్రం ఆలి, ఆమె వెంట కొడుకు లోహితాస్యుడు. భార్యాబిడ్డలు మగవాడి సొత్తు అన్న నమ్మకం లేకపోతే ఈ కథ ముందుకు నడవదు. దాన్ని ఏ మాస్టారూ నోట్సులో రాయించడు. అందరూ హరిశ్చంద్రుడిలా ఎందుకు ఉండకూడదని చిన్నప్పుడు మథనపడ్డానని గాంధీ ఆత్మకథలో రాసుకున్నాడు. చంద్రమతి గోడు ఆయనకూ తట్టినట్టు లేదు.

కాటి సీను మరీ విడ్డూరం. రాజు వీరబాహుడి దగ్గర కాటికాపరి కావడమే పతనానికి అట్టడుగు! పుట్టుకతోనే ఆ పని నెత్తిన పడ్డవాళ్లను పరీక్షించడానికి ఏ విశ్వామిత్రుడూ రాడు, వరాలివ్వడానికి ఏ దేవుడూ దిగడు. బలిజేపల్లి రాసిన హరిశ్చంద్ర నాటకంలో ఆ సీనుకు నటులు జాషువా శ్మశాన పద్యాలు కలిపి పాడతారు. అంటరానితనం చవిచూసిన కవి పద్యానికి వన్స్‌మోర్ కొట్టి, తెల్లారి హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి పాటించిన ఊళ్లు మనవే.

మనుషుల్ని ఇచ్చేయడం పురాణంలోనే కాదు, తెలంగాణ పల్లెల్లోనూ ఉండేది. మరిపెడ పక్కనే ఉంది చిన్నగూడూరు. అక్కడ 1928లో పుట్టిన దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలో నిజాం కాలపు పల్లెను చూపించాడు: దొర, కరణం, వెట్టి, ఆడబాప. దొర బిడ్డ అత్తారింటికి పోతే సారెతో పాటు ఒక పేదింటి పిల్లను కూడా పంపేవాళ్లు, ఆమే ఆడబాప. ఆమె శ్రమే కాదు, ఒళ్లు కూడా ఆ ఇంటిదే. ఇది చదివితే పిల్లలకు కోపం వస్తుంది, రావాలి. మరి మనిషిని ఇచ్చేసే హక్కు దొర గడీలో దుర్మార్గమైతే కాశీలో ధర్మం ఎట్లా అయింది?

పురాణాన్ని ఈ కాలపు తూకంతో తూచొద్దంటారు. పురాణం పాతదే, పిల్లలకు నూరిపోస్తున్నది ఇవాళ. పైగా చివర్లో దేవతలు దిగి, పాము కరిచి చచ్చిన కొడుకును బతికించి, రాజ్యం తిరిగిచ్చేస్తారు గనుక అమ్మకం తప్పుగానే కనిపించదు. ఆడబాప కోసం ఎవరూ దిగిరాలేదు. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటంలో గడీల మీదికి పోయింది జనమే.

ఈసారి పరీక్షలో హరిశ్చంద్రుడి గుణగణాలు అడగొద్దు. తనను కొన్న కాలకౌశికుడి ఇంటి నుంచి చంద్రమతి భర్తకు రాసే ఉత్తరం రాయమనండి. మార్కులు వేయడానికి మాస్టార్లకు కొంచెం ఇబ్బందే.