ఏకాగ్రత లేదంటారు, రిలీవరు ఏడీ?



ఏ సంస్థలోనూ ఉద్యోగి కాకుండా, ఇంట్లో ఒంటరిగా కూర్చుని సాఫ్ట్‌వేర్ తయారుచేసే స్వతంత్ర డెవలపర్ల ప్రస్తావన రైలు, తపాలా ఉద్యోగుల పత్రికలో ఎందుకని కొందరు అడగవచ్చు. క్వార్టర్లలో పెరిగిన మన బిడ్డలు కొందరు నేడు ఆ వృత్తిలో ఉన్నారన్నది ఒక కారణం. వారికి లభిస్తున్న ఉపదేశం మనకు చిరపరిచితమైనదే కావడం అసలు కారణం.

తెల్లవారుజామున లేవాలట, సంకల్పం దృఢపరచుకోవాలట, ఫోను దూరంగా పెట్టాలట. ఉత్సాహం సన్నగిల్లితే లోపాన్ని తమలోనే వెతుక్కోవాలట. ఫోను దూరంగా పెట్టమనడం మంచి మాటే, దానితో మాకు పేచీ లేదు. కాని ఉత్సాహాన్నీ ఏకాగ్రతనూ కేవలం వ్యక్తిగుణాలుగా చిత్రించడం వక్రభాష్యమని మేము నిస్సంకోచంగా ప్రకటిస్తున్నాము.

లోకో పైలట్ జాగరూకతను ఉపన్యాసాలతో నిలబెట్టడం లేదు. డ్యూటీ గంటలకు పరిమితి, రన్నింగ్ రూములో విశ్రాంతి, నిర్ణీత వ్యవధిలో స్పందన లేకపోతే బ్రేకులు వేసే విజిలెన్స్ పరికరం, ఇన్ని ఏర్పాట్లున్నాయి. (అవి సక్రమంగా అమలు కాకపోవడం వేరే సంగతి, దానిపై మన వాదన మనకున్నది.) ఆర్.ఎం.ఎస్. సార్టరుకు బ్యాగు కట్టి సీలు వేయగానే పని ముగిసినట్లు కంటికి కనిపిస్తుంది. స్వతంత్ర డెవలపరుకు సీలు వేసే క్షణమే లేదు. ప్రోగ్రాము విడుదలైన మరునాడే ఫిర్యాదులు మొదలవుతాయి, కస్టమరు బిల్లు చెల్లింపులో జాప్యం చేస్తాడు, చేసిన పనిని చూసి బాగున్నదనే తోటివాడు ఉండడు. ఇట్టి స్థితిలో మనసు నిలవకపోతే అది సోమరితనమా?

ఫిన్లాండుకు చెందిన లాస్సె కాలిన్ ఉదంతం గమనార్హం. ఫైళ్లను కుదించే ‘ఎక్స్ జెడ్ యుటిల్స్’ అనే సాఫ్ట్‌వేర్‌ను ఆయన ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా, జీతం లేకుండా నిర్వహించాడు. లెక్కలేనన్ని లినక్స్ యంత్రాలలో అది ఉన్నది. 2022లో పని ఆలస్యమవుతున్నదని కొందరు నిష్ఠూరాలాడారు. తాను దీర్ఘకాలంగా మానసిక అనారోగ్యంతో ఉన్నాననీ, ఇది ప్రతిఫలం లేని పని అనీ ఆయన బహిరంగంగానే తెలియజేశాడు. దానికి లభించిన సమాధానం మరింత ఒత్తిడి. అప్పటికే ‘జియా టాన్’ అనే పేరుతో ఒక సహాయకుడు చేరువయ్యాడు. ఓపికగా పనిచేశాడు, నమ్మకం సంపాదించాడు, నిర్వహణాధికారం పొందాడు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ పేరుతో విడుదలైన వెర్షన్లలో దొంగదారి అమర్చి ఉన్నది! నిష్ఠూరాలాడిన పేర్లు కూడా ఆ పన్నాగంలో భాగమేనని పలువురు అనుమానించారు. లాగిన్ కావడానికి సుమారు అర సెకను అదనంగా పడుతున్నదని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు గమనించి, కారణం శోధించి, మార్చి 29న వెల్లడించాడు కనుక పెనుముప్పు తప్పింది.

అలసిన మనిషికి రిలీవరు అవసరమైనప్పుడు రిలీవరు వేషంలో దొంగ వచ్చాడు. ఆయనకు కావలసినది సంకల్పబలంపై పాఠమా?

ఇది మొదటిసారి కూడా కాదు. ఇంటర్నెట్‌లో రహస్య సమాచారాన్ని కాపాడే ‘ఓపెన్ ఎస్సెస్సెల్’లో 2014లో ‘హార్ట్‌బ్లీడ్’ లోపం బయటపడింది. అప్పటివరకు దానికి ఏటా వచ్చిన విరాళాలు సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలం పనిచేసినవాడు ఒక్కడు. దానిని ఉచితంగా వాడుకున్న పెద్ద కంపెనీలకు నిధుల సంగతి ప్రమాదం తర్వాతనే గుర్తుకు వచ్చింది.

“స్వేచ్ఛ కోరి వారే ఎంచుకున్నారు కదా” అని ఉపదేశకులు వాదిస్తారు. కోరుకున్నది స్వేచ్ఛనే, విశ్రాంతి లేని బ్రతుకును కాదు. పని పరిధిని ముందే కాగితంపై రాయించుకోవడం, సగం సొమ్ము ముందుగా తీసుకోవడం, రోజూ పని ముగించే గంట నిర్ణయించుకోవడం, వారానికొకసారి ఇద్దరు ముగ్గురు తోటి డెవలపర్లకు తమ పని చూపించి వారి పని చూడడం, తాను పడకవేసినప్పుడు పని చూసే నమ్మకస్తుని ఆరోగ్యంగా ఉన్నప్పుడే సిద్ధం చేసుకోవడం — ఏకాగ్రత వీటి మీద నిలుస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ తెల్లవారుజామున లేవడం వల్ల సిద్ధించదు.

మీ ఇంట్లో అట్టి బిడ్డ ఉండి, అర్ధరాత్రి దాటినా గదిలో దీపం వెలుగుతుంటే, ఇంకా కష్టపడమని చెప్పకండి. పోయిన నెల బిల్లు వసూలైందా అని అడగండి.