నీలినాలుక వైరస్: కణంలోకి దారి

గొర్రెల మందల్లో ముసురు రోజుల తర్వాత కనిపించే నీలినాలుక వ్యాధిని తెలుగు కాపరులు మూతివాపు అని కూడా అంటారు. జ్వరం వస్తుంది, మూతి, పెదవులు వాస్తాయి, నోట్లో పుండ్లు పడి జీవం మేత ముట్టదు, గిట్టల పైభాగం వాచి కుంటుతుంది. నాలుక నీలంగా మారడం అన్నింటిలోనూ ఉండదు. ఇది మనుషులకు సోకదు. ప్రధానంగా దీన్ని మోసేవి క్యూలికాయిడ్స్ అనే నెత్తురు పీల్చే కీటకాలు. మూడు మిల్లీమీటర్లకు మించని వీటి పాత్రను 1944లో దక్షిణాఫ్రికాలో శాస్త్రవేత్త డు టాయిట్ తేల్చాడు.

ఈ వైరస్ జన్యుపదార్థం రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ. అది పది ముక్కలుగా ఉంటుంది. దాని మీద లోపలి గుల్ల, ఆపైన బయటి పొర. బయటి పొరలో వీపీ2, వీపీ5 అనే రెండు ప్రొటీన్లున్నాయి. వీపీ2 కణం ఉపరితలం మీది సియాలిక్ ఆమ్లం వంటి చక్కెర అణువులను పట్టుకుంటుంది. కణం వైరస్‌ను ఒక తిత్తిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది. తిత్తిలో ఆమ్లగుణం పెరగగానే బయటి పొర ఊడుతుంది, వీపీ5 రూపం మార్చుకుని తిత్తి గోడను ఛేదిస్తుంది. అప్పుడు లోపలి గుల్ల మాత్రమే కణద్రవంలోకి చేరుతుంది.

ఆ గుల్ల ఇక విడిపోదు. అసలు నేర్పంతా ఇక్కడే ఉంది. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ బయటపడితే కణంలోని రక్షణ వ్యవస్థ వెంటనే పసిగడుతుంది. అందుకే వైరస్ దాన్ని లోపలే దాచి, గుల్లలోని ఎంజైములతో నకళ్లు తీయించి, ఒంటి పోగు సందేశ ఆర్‌ఎన్‌ఏలను మాత్రమే రంధ్రాల గుండా బయటికి పంపుతుంది. ఈ గుల్ల నిర్మాణాన్ని 1998లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు ఎక్స్‌రే స్ఫటిక పద్ధతిలో పరమాణువుల స్థాయిలో చూపించారు. అప్పటికి అంత పెద్ద నిర్మాణాన్ని ఆ వివరంతో చూడడం అరుదు.

గొర్రెలో వైరస్ రక్తనాళాల లోపలి పొర కణాలను దెబ్బతీస్తుంది. నాళాలు కారి వాపు వస్తుంది. పశువుల్లో మాత్రం తరచుగా లక్షణాలే కనిపించవు. రక్తంలో వారాల తరబడి వైరస్ ఉంటుంది కాబట్టి కీటకాలకు అవే నిల్వ కేంద్రాలు. కీటకంలో ప్రవేశం మరో తీరు: దాని లాలాజలంలోని ఎంజైములు వీపీ2ను కత్తిరిస్తే వైరస్ కీటక కణాలకు మరింత సులువుగా సోకుతుంది. వాతావరణం చల్లగా ఉంటే కీటకంలో వైరస్ వృద్ధి ఆగిపోతుంది.

ఉత్తర ఐరోపాకు ఈ జబ్బు రాదన్న నమ్మకం 2006లో కూలింది. బీటీవీ-8, అంటే నీలినాలుక వైరస్ ఎనిమిదో రకం, నెదర్లాండ్స్, బెల్జియం, జర్మనీల్లో వ్యాపించింది. అక్కడి స్థానిక క్యూలికాయిడ్స్ జాతులే దాన్ని మోశాయి. 2023లో నెదర్లాండ్స్‌లో బీటీవీ-3 మొదలైనప్పుడు బీటీవీ-8కు చేసిన పాత టీకా పనికిరాలేదు.

కారణం వీపీ2. పది ముక్కల్లో అన్నింటికంటే ఎక్కువగా మారేది దాని జన్యువే. గొర్రె తయారుచేసే ప్రతిరక్షకాలు ప్రధానంగా దాన్నే గుర్తిస్తాయి. దాని తేడాలను బట్టే ఇప్పటికి 24కు పైగా రకాలు గుర్తించారు. ఒక రకానికి వేసిన టీకా మరో రకాన్ని ఆపలేదు. రెండు రకాలు ఒకే జీవంలో కలిస్తే ముక్కలు మార్చుకుని కొత్త కలయికలు పుడతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా దక్షిణ భారతంలో పలు రకాలు ఒకేసారి తిరుగుతున్నాయి కనుక ఈ ప్రమాదం ఇక్కడ ఎక్కువ. భారతదేశంలో వాడే నిష్క్రియ టీకాలో 1, 2, 10, 16, 23 రకాలున్నాయి. మందల్లో ఏ రకం తిరుగుతోందో నిరంతరం పరీక్షించకపోతే ఈ జాబితా పాతబడుతుంది.

2008లో లండన్‌లో వైరస్ శాస్త్రవేత్త పాలీ రాయ్ బృందం ప్రయోగశాలలో తయారైన ఆర్‌ఎన్‌ఏల నుంచే సజీవ వైరస్‌ను రూపొందించింది. ఆ తర్వాత వీపీ6 అనే మరో ప్రొటీన్ జన్యువును దెబ్బతీసి, కణంలోకి ప్రవేశించినా సంతతిని ఇవ్వలేని వైరస్‌ను తయారుచేసి గొర్రెల్లో పరీక్షించారు. అది రక్షణ ఇచ్చింది. ఆ వైరస్ మిగతా జన్యువులను అలాగే ఉంచి బయటి పొర ప్రొటీన్ల జన్యువులు మారిస్తే, ఒక్కో రకానికి తగిన టీకా తయారవుతుంది.