సోలెడు బియ్యం ఎన్ని గ్రాములు?

సంగారెడ్డి దగ్గరి ఇస్మాయిల్‌ఖాన్‌పేట లాంటి ఊళ్లలో పెద్దవాళ్లు వంట కొలతలు చెప్పాలంటే గిద్దె, సోల, తవ్వ, మానిక అనే అంటారు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. దేశంలో మెట్రిక్ తూకాలు 1958లో మొదలయ్యాయి. దుకాణం కిలోలకు మారింది, వంటిల్లు మాత్రం గిన్నెను వదల్లేదు.

వదలకపోవడంలో న్యాయముంది. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు అన్నప్పుడు గ్లాసు ఎంతదైనా అన్నం కుదురుతుంది. అక్కడ కావలసింది నిష్పత్తి.

చిక్కు వంటకం ఇల్లు దాటినప్పుడు వస్తుంది: గ్లాసు మారుతుంది, గ్రాముల్లో చెబుదామంటే ఒకే కప్పులో ఒక్కో పదార్థం ఒక్కో బరువు తూగుతుంది. 250 మిల్లీలీటర్ల కప్పులో నీళ్లు 250 గ్రాములు తూగుతాయి, బియ్యం సుమారు 200, గోధుమపిండి 130 లోపే. లీటరు నూనె ప్యాకెట్ మీద 910 గ్రాములని ఉండేది కూడా ఇందుకే. పిండి మరీ మాయదారిది: జల్లించి పోస్తే ఒక తూకం, అదిమి నింపితే ఇంకొకటి. సకినాలకు నానబెట్టి పట్టించిన తడిపిండిలో నీటి బరువూ కలుస్తుంది, కాబట్టి బియ్యాన్ని నానకముందే తూచుకోవడం మేలు.

పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు ఎన్నో రాష్ట్రాల నుంచి మనుషులు వచ్చి స్థిరపడ్డారు. పక్కింటి గ్లాసు మనింటి గ్లాసంత ఉండదు. అందుకే ఈ సంచికలోని ప్రతి వంటకానికీ సోలతో పాటు గ్రాములూ ఇచ్చాం. ఉప్పు, సోడా దగ్గర మాత్రం గ్రాములనే నమ్మండి.