దీపాల ఊళ్లో చుక్కల ఫొటో

"ఇటు ఖమ్మం వెలుగు, అటు స్టేషన్ దీపాలు. బోనకల్లులో నెబ్యులా ఫొటో ఎక్కడ పడుతుందండీ?" అని మన సైన్సు విద్యార్థులే పెదవి విరుస్తున్నారు. పడుతుంది. కాకపోతే ఐ.ఎస్.ఓ. ఎంత పెట్టాలో అడిగి ఊరుకుంటే పడదు.

ఐ.ఎస్.ఓ. పెంచితే ఎక్కువ కాంతి చేరుతుందన్నది వట్టి భ్రమ. కాంతిని తెచ్చేవి లెన్సు ద్వారమూ, షట్టరు తెరిచి ఉంచిన కాలమూ మాత్రమే. మన దగ్గర షట్టరు నిమిషాల తరబడి తెరిస్తే ఆకాశమంతా పాలిపోయి చుక్కలు మునిగిపోతాయి. కనుక చిన్న చిన్న ఫ్రేములు, అవీ వందలకొద్దీ తీయవలె. వట్టి స్టాండు మీద 50 మి.మీ. లెన్సుకు 5 సెకన్లు మించితే భూమి తిరగడం వల్ల చుక్క కాస్తా గీత అవుతుంది. ఎఫ్ 2.8, ఐ.ఎస్.ఓ. 1600తో మొదలుపెట్టి హిస్టోగ్రామ్ చూడండి. అందులోని గుట్ట ఎడమ గోడకు ఆనుకోకూడదు. పావు, మూడోవంతు మధ్య నిలవాలి. కుడికి జరిగిందా, ఐ.ఎస్.ఓ. తగ్గించండి. జేపెగ్ వద్దు, రా ఫైలే. అలాంటివి 400 తీసి కంప్యూటర్లో ఒకదానిపై ఒకటి పేరిస్తే అరగంట దాటిన కాంతి చేతికొస్తుంది. చవితి, పంచమి వెన్నెల్లో తీసి కెమెరాను తిట్టేవాళ్లకు చెప్పేదేమీ లేదు!

అయితే ఒక లెక్క ఉంది. ఆకాశం నాలుగు రెట్లు వెలుగెక్కితే, మసక వస్తువును అంతే స్పష్టంగా పట్టడానికి మొత్తం కాలమూ సుమారు నాలుగు రెట్లు కావాలి. ఎంత ఖరీదైన కెమెరా అయినా ఈ లెక్కను కొట్టివేయలేదు. పాత సోడియం దీపాల పసుపును ఫిల్టరు కొంత ఆపేది. ఎల్.ఇ.డి. తెలుపు అన్ని రంగుల్లో పరుచుకుంటుంది గనుక అంత సులువుగా చిక్కదు. అందుకే యూనియన్ డబ్బుతో కొత్త కెమెరా కొందామనే మాటకు నేను ఒప్పుకోను.

1901లో నవాబు జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా అబ్జర్వేటరీ, తర్వాత బేగంపేటకు మారి, లక్షల నక్షత్రాలను ఫొటో పలకల కెక్కించింది. 1960ల చివర ఉస్మానియావారు 48 అంగుళాల టెలిస్కోపును మాత్రం నగరంలో పెట్టలేదు, దూరాన రంగాపూర్ గుట్ట మీద నిలిపారు. నగరానికి రంగాపూర్ దొరికింది, బోనకల్లు ఎక్కడికి పోతుంది? మన వీధి దీపాలకు పైన మూతలు పెట్టి వెలుగును కిందికి తిప్పమని పంచాయతీకి అర్జీ రాద్దాం. నడిచేవాళ్లకు దారి ఇంకా బాగా కనిపిస్తుంది. మొదటి సంతకం నాది.