భర్త మాత్ర భార్యకు సరిపోతుందా?

హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్ పరిసరాల ఇళ్ళలో మేము తరచుగా గమనించే అలవాటు ఒకటి ఉంది. ఇంటాయనకు గుండె వైద్యుడు రోజుకొక ఆస్పిరిన్ మాత్ర, రక్తపోటు మాత్ర వ్రాసి ఇస్తాడు. కొన్నాళ్ళకు ఇల్లాలికీ ఛాతీ బరువుగా అనిపిస్తుంది. ఆమె ఆసుపత్రికి వెళ్ళదు. ఆయన డబ్బాలో నుంచే ఒకటి తీసి వేసుకుంటుంది.

మహా వైద్యుడు ఇబ్నె సీనా (మరణం 1037) గుండె మందులపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశారు. మందును మనిషి దేహం మీదనే పరీక్షించాలనీ, సింహం మీదనో గుర్రం మీదనో చూసినది మనిషికి రుజువు కాదనీ ఆయన నియమం. ఆధునికులు ఈ నియమాన్ని పాటించారు గాని, మనిషి అంటే పురుషుడనుకున్నారు. గర్భం దాల్చగల వయసు స్త్రీలను తొలిదశ పరీక్షల నుండి దూరంగా ఉంచాలని అమెరికా ఔషధ సంస్థ 1977లో సూచించి, 1993లో గాని మార్చుకోలేదు.

ఆస్పిరిన్ సంగతే చూడండి. 22,071 మంది వైద్యులపై జరిపిన పరిశీలనలో తొలి గుండెపోటు 44 శాతం తగ్గిందని 1989లో ప్రకటించారు. ఆ వైద్యులందరూ పురుషులే! దాదాపు 40 వేల మంది స్త్రీలను పదేళ్ళు పరిశీలించిన ఫలితం 2005లో వచ్చింది. పక్షవాతం 17 శాతం తగ్గింది. గుండెపోటు మాత్రం 65 ఏళ్ళు దాటిన వారిలో తప్ప చెప్పుకోదగినంత తగ్గలేదు. జీర్ణాశయంలో రక్తస్రావం పెరిగింది. మోతాదులు వేరు గనుక రెంటినీ సరిగ్గా తూచలేమన్నది నిజమే. అయినా పురుషుల లెక్కను స్త్రీలకు అప్పగించరాదని తేలింది.

మన హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ నాలుగు మందులను కలిపి చేసిన మాత్రను భారత్‌లోనూ ఐరోపాలోనూ 2,004 మందిపై పరీక్షించి 2013లో ఫలితాలు వెల్లడించారు. సాధారణ చికిత్సలో 65 శాతం మందే క్రమంగా మందులు వాడగా, ఈ మాత్రతో 86 శాతం మంది వాడారు. మెచ్చదగిన విషయమే. కాని అందులోని లిసినోప్రిల్ 10 మిల్లీగ్రాములు ఆడవారికీ మగవారికీ ఒకటే. ఈ జాతి మందుల వల్ల వచ్చే పొడిదగ్గు స్త్రీలలోనే ఎక్కువ.

మా విద్యార్థి తల్లి ఒకామె మూడు నెలలు ఇలాగే దగ్గింది. విసిగి రక్తపోటు మాత్ర తానే మానేసింది. పురుష వైద్యునితో చెప్పుకోలేక ప్రతిసారీ చీటీతో భర్తను పంపేది. ఆయనకు ఈ దగ్గు సంగతి చెప్పాలన్న ఆలోచనే రాలేదు. ఆమె స్వయంగా వెళ్ళినాక వైద్యుడు వేరే రకం మాత్ర ఇచ్చాడు. దగ్గు పోయింది. స్త్రీ వైద్యురాలు దొరకనప్పుడు అవసరమైనంత మేరకు పురుష వైద్యునికి చూపించుకోవడానికి ఫిఖ్హ్ అనుమతిస్తున్నది. భర్తలు ఈ మాటను ఇంట్లో చెప్పాలి.

మరొక ప్రమాదం కూడా ఉంది. లిసినోప్రిల్ వంటి మాత్రలు గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి. సంతానవతులు కాగల వయసు స్త్రీలు భర్త డబ్బా ముట్టరాదు. గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ వేయించుకున్నవారు మాత్రం ఇది చదివి ఆస్పిరిన్ మానవద్దు. వారి విషయంలో ఆ మందు స్త్రీపురుషులిద్దరికీ మేలు చేస్తున్నదే.