మేష్టారి కబుర్లు: ఖాళీ గొలుసు

బాలలూ!

మా ఇల్లు విజయవాడలో, ఏలూరు కాలువకు దగ్గరలో, రెండో అంతస్తులో ఉన్నది. ఒకనాటి సాయంత్రం నా మనుమడూ, మనుమరాలూ పోట్లాడుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

“అల్సేషియన్‌నే తేవాలి. దాన్ని చూస్తేనే దొంగలు పారిపోతారు” అన్నాడు మనుమడు.

“కాదు, లాబ్రడారే తేవాలి. అది అందరితోనూ ఆడుకుంటుంది” అన్నది మనుమరాలు.

“రెండింటిలో ఏది మంచిదో నువ్వే చెప్పు, తాతయ్యా!” అన్నారు ఇద్దరూ.

“రెండూ మంచివే. మన ఇంట్లో ఏది సుఖంగా బతుకుతుందో చూడాలి” అన్నాను. ఈ తగాదా మీ ఇళ్ళలోనూ వచ్చి ఉంటుంది. అందుచేత వాళ్ళకు చెప్పిన సంగతులే మీకూ చెబుతాను.

ఏ జాతి కుక్కకైనా దాని పూర్వులు చేసిన పనిని బట్టి స్వభావం వస్తుంది. అల్సేషియన్ జర్మనీలో గొర్రెలు కాచిన కుక్క. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే మాజీ సైనికాధికారి ఈ జాతిని స్థిరపరచడానికి ఒక సంఘం పెట్టాడు. దాని అసలు పేరు జర్మన్ షెపర్డ్. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీ పేరు గిట్టక ఇంగ్లీషువాళ్ళు అల్సేషియన్ అన్నారు. మంద మీద ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచడం దాని పని. కొత్తవాళ్ళను ఓ పట్టాన నమ్మదు. పని చెప్పకపోతే తానే పని కల్పించుకుంటుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడితే చాలు, మొరుగుతుంది.

లాబ్రడారు పూర్వులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో జాలరులకు సాయపడిన కుక్కలు. చల్లని సముద్రంలోకి దూకి, జారిపోయిన చేపలనూ, వలల తాళ్ళనూ నోట కరచుకొని వచ్చేవి. మనుషులతో కలసి పనిచేయడం దానికి ఇష్టం. అందుకే కొత్తవాళ్ళు వచ్చినా తోక ఊపుతుంది. ఇక తిండి సంగతి! దాదాపు నాలుగింట ఒక లాబ్రడారులో, ఆకలిని పెంచే ఒక జన్యుమార్పు ఉన్నదని 2016లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. అది జాలిగా చూసినప్పుడల్లా బిస్కత్తు పెడితే ఒళ్ళు పెరిగి కీళ్ళు పాడవుతాయి.

రెండూ చలిదేశాల కుక్కలే. పైన గరుకు బొచ్చు, లోపల మెత్తటి బొచ్చు ఉంటాయి. మనకు ఒళ్ళంతా చెమట పోస్తుంది. కుక్కకు అరికాళ్ళలోనే పోస్తుంది. అది నాలుక చాపి రొప్పుతుంటే నోటిలోని తడి ఆవిరై ఒళ్ళు చల్లబడుతుంది. మన డెల్టాలో ఉక్కపోసే రోజున ఆ తడి త్వరగా ఆరదు. అప్పుడు ఎండలో తిప్పితే వడదెబ్బ తగిలి ప్రాణం పోవచ్చు. కాబట్టి మే నెలలో తెల్లవారకముందే నడిపించాలి. మీ చేతి వెనుకవైపు రోడ్డుకు ఆనించి చూడండి. మీకు చుర్రుమంటే దాని పాదాలకూ చుర్రుమంటుంది. మన ఊరకుక్కకు పొట్టి బొచ్చు కాబట్టి ఈ బాధ తక్కువ. దాన్ని చిన్నచూపు చూడకండి. 1957లో భూమి చుట్టూ తిరిగిన లైకా కూడా మాస్కో వీధికుక్కే!

ఇక నా తప్పు ఒకటి చెబుతాను. 1992లో నేను గుడివాడ దగ్గర ఒక పల్లెలో పనిచేసేవాణ్ణి. ఒక అల్సేషియన్ ఠీవి చూసి మురిసి, దాని పిల్లను తెచ్చుకున్నాను. నా ఇంటి సంగతి ఆలోచించలేదు. పొద్దున బడికి పోతూ వేపచెట్టుకు కట్టేవాణ్ణి, సాయంత్రం వచ్చి విప్పేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి ఎవరు కనపడినా మీదికి దూకసాగింది. ఒకనాడు గొలుసు తెంపుకొని, పాలు పోయడానికి వచ్చిన పిల్లవాడి పిక్క కరిచింది.

ఆ రోజుల్లో బొడ్డు చుట్టూ సూదులు పొడిచేవారు. ఇప్పుడైతే చేతికే వేస్తున్నారు. రోజూ వాణ్ణి సైకిలు మీద ఆసుపత్రికి తీసుకుపోయేవాణ్ణి. “కుక్కను కొట్టకండి, మేష్టారూ” అనేవాడు వాడు. నేను తల ఎత్తలేకపోయాను. తప్పు కుక్కది కాదు, నాది. తరువాత దాన్ని, పొలంలోనే కాపురముండే ఒక రైతుకు ఇచ్చాను. అక్కడ రోజంతా మనుషుల వెంట తిరిగింది. మళ్ళీ ఎవరినీ కరవలేదు.

(కుక్క కరిస్తే దాచకండి. పావుగంటసేపు పారే నీటి కింద సబ్బుతో కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.)

ఈ కథ విని పిల్లలిద్దరూ మాట్లాడలేదు. మర్నాడు నేను బజారు నుంచి ఒక గొలుసు తెచ్చాను.

“కుక్క ఏదీ?” అన్నాడు మనుమడు.

“కుక్క లేదు. పదిహేను రోజులు, పొద్దున అయిదున్నరకూ సాయంత్రం ఆరింటికీ ఈ గొలుసు పట్టుకొని కాలువగట్టున అరగంట నడవండి. నడిచినప్పుడల్లా క్యాలెండరు మీద గుర్తు పెట్టండి” అన్నాను.

దారిన పోయేవాళ్ళు నవ్వారు. ఒకరోజు వాన, ఒకరోజు పరీక్ష, ఒకరోజు బద్ధకం. చివరకు లెక్క చూస్తే, 30 నడకలలో మనుమరాలు 24, మనుమడు 11 నడిచారు. ఇద్దరూ ఎగ్గొట్టినవి 4.

“ఆ నాలుగుసార్లు కుక్క ఏం చేసేది?” అన్నాను.

మనుమడు కొంతసేపు ఊరుకొని, “గుమ్మం దగ్గర కూర్చొని ఎదురుచూసేది” అన్నాడు.

అందరం కూర్చొని ఆలోచించాం. పగలు ఇంట్లో నేనూ, మోకాళ్ళ నొప్పులతో మీ మామ్మగారూ ఉంటాం. వచ్చేపోయేవాళ్ళతో మెట్లు సందడిగా ఉంటాయి. అలాంటిచోట అల్సేషియన్‌కు మనశ్శాంతి ఉండదు. మా ఇంటికి లాబ్రడారే నయం. కాని పెద్దదైతే దాని బరువు 30 కిలోల దాకా ఉంటుంది, మీ మామ్మగారు దాన్ని పట్టుకోలేరు. కనుక 30కి 30 నడకలు పూర్తయ్యాకనే, అదీ ఎండాకాలం వెళ్ళాకనే తేవాలని తీర్మానించాం.

గొలుసు గుమ్మం పక్కన మేకుకు వేలాడుతున్నది. నిన్న తెల్లవారుజామున అది గలగలమన్నది. లేచి చూశాను. దాన్ని తీసుకొని మెట్లు దిగుతున్నది నా మనుమడు!

మీరూ మీ ఇంట్లో ఒక గొలుసు తగిలించి చూడండి. పదిహేను రోజుల లెక్క నాకు రాయండి. తప్పు లెక్క మాత్రం రాయకండి సుమా!

మీ మేష్టారు