జనరల్ డబ్బా ఎవరిది?

రైలంటే కిటికీ పక్క సీటు, మామిడిపండ్ల బుట్ట, సెలవులకు అమ్మమ్మ ఊరు. పత్రికల్లో అచ్చయ్యే బాల్య జ్ఞాపకాల్లో ఎప్పుడూ ఈ రైలే నడుస్తది. ఆ బండికి కట్ట పోసినోళ్ళు, ఆ పట్టాల మీద మలం ఎత్తినోళ్ళు వాటిల్ల ఎందుకు కనపడరు? వాళ్ళకు పిల్లలు లేరా?

ఉన్నరు. మేమున్నం. మక్తల్ దిక్కు వాడోళ్ళం. 1980లల్ల నడికుడి లైను పడుతుంటే మా నాయిన నల్లగొండ జిల్లాకు మట్టిపనికి పోయిండు. మేస్త్రి చేతిల పెట్టిన బయానా తీరేదాక ఇంటిమొకం చూసేది లేదు. ఆ తర్వాత బొంబాయి. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరుకే. డ్యాములు, కాలువలు, రైలు కట్టలు, మట్టి ఎత్తేది ఎక్కడైతే మావోళ్ళు అక్కడ. బొంబాయికి పోవాలంటే కృష్ణ స్టేషన్ల బండెక్కాలె. ఒక ఎండకాలం సెలవులకు మమ్మల్ని అన్నదమ్ములను కూడ నాయిన వెంట తీసుకపోయిండు. సద్దిమూట, పార, తట్ట, మేము, అందరం జనరల్ డబ్బాలో లెట్రిన్ పక్కన.

బండి కదిలిందో లేదో పక్కనున్న పెద్దమనిషి అడిగిండు: "ఏమిట్లు మీరు?"

"పాలమూరోళ్ళం" అన్నడు నాయిన.

ఆయన మళ్ళ అడిగిండు. నాయిన మళ్ళ అదే చెప్పిండు. ఊర్ల హోటల్ల మా గ్లాసు వేరే. ఇక్కడ ఆ పెద్దమనిషి మోకాలు మా నాయిన మోకాలుకు ఒరుసుకుంటనే వాడి జంక్షన్ దాక వచ్చింది. కులం దాచిండని మన మిత్రులే కొందరు తప్పుపడతరు. మేము ఒప్పుకోం. అడిగేటోని నోరు మూయించే బలం లేనప్పుడు, అడిగినదానికి జవాబు ఇయ్యకుండ కూసునుడు చిన్న సంగతి కాదు.

నాయిన ఇంకొకటి నేర్పిండు. బండి స్టేషన్ల ఆగినప్పుడు లెట్రిన్‌కు పోనిచ్చేటోడు కాదు. లోపల రాసిన బోర్డు ఆయనకు చదవరాదు. "కింద ఎత్తేటోళ్ళు మనోళ్ళేరా" అనేటోడు. పాకీపని నిషేధ చట్టం 1993లో వచ్చింది, 2013లో ఇంకొకటి వచ్చింది. ఆ రెండో చట్టం నాటికి కూడ బండ్ల కింద పడ్డది మనుషులే ఎత్తుతున్నరు. చట్టం చేసిన సర్కారుదే ఆ రైలు!

బాబాసాహెబ్ కూడ నాయిన కోసం రైలెక్కిన పిల్లవాడే. 1901లో, కోరేగావ్‌లో ఖజాంచీ పని చేస్తున్న తండ్రి దగ్గరికి పిల్లలు కొత్తబట్టలు తొడుక్కొని సతారాలో బండెక్కిండ్రు. మసూర్ స్టేషన్ల దిగేదాక పండుగే. దిగినంక స్టేషన్ మాస్టరు ఎవరని అడిగిండు, మహార్లమని చెప్పంగనే ఆయన మొకం మారిపోయింది. ఎడ్లబండి వాళ్ళు ఎక్కించుకోమన్నరు. చివరికి రెట్టింపు కిరాయి తీసుకొని, పిల్లలే బండి తోలుకోవాలన్న షరతు మీద ఒకడు ఒప్పుకున్నడు. కులం రైలు దిగినంక పట్టుకున్నది.

అట్లని రైలు కులం లేనిదని మేము అనం. ఒకప్పుడు స్టేషన్లల్ల నీళ్ళు కూడ హిందూ నీళ్ళు, ముస్లిం నీళ్ళు. జనరల్ డబ్బాలో అందరూ కలిసి కూసునేది అగ్రవర్ణాల దయ వల్ల కాదు. టికెట్ అగ్గువ, జాగ తక్కువ, అంతే. ఆ జాగ కూడ ఇప్పుడు మనకు మిగిలేటట్టు లేదు.

2023 ఏప్రిల్ నుంచి తిరుపతి వందే భారత్ నల్లగొండల ఆగుతున్నది. అదే ఏడు సెప్టెంబర్‌లో యశ్వంత్‌పూర్ వందే భారత్ మహబూబ్‌నగర్ మీదుగ మొదలైంది. వాటికి జనరల్ డబ్బా ఒక్కటి లేదు. కరోనా పేరు మీద 2020లో ప్యాసింజర్లు ఆపిండ్రు. తర్వాత అవే బండ్లను స్పెషల్ అని నడిపి, 10 రూపాయల కనీస టికెట్‌ను 30 చేసిండ్రు. మళ్ళ 10 అయ్యేసరికి 2024 ఫిబ్రవరి వచ్చింది. అన్నేండ్లు కూలికి పోయేటోని జేబులకెళ్ళి తీసుకున్నది ఎంతో ఎవరన్న లెక్క చెప్తరా?

మక్తల్ మీదుగ దేవరకద్ర–కృష్ణ లైను 2023 అక్టోబర్ 1న మొత్తం తెరిచిండ్రు. సంతోషమే. ఇంట్ల మొదటి డిగ్రీ మాది, ఇయ్యాల పంతులు జీతంతో రిజర్వేషన్ టికెట్ కొనుక్కోగలం. కాని మా క్లాసుల దసరా దాటినంక ఖాళీ అయ్యే బెంచీల పిల్లలు తల్లిదండ్రుల వెంట ఏ డబ్బా ఎక్కాలె? మక్తల్, నారాయణపేట, దేవరకొండ దిక్కు మన సంఘాలు ఈ ఒక్క డిమాండు మీద స్టేషన్ల ముందు కూసోవాలె: ఈ లైన్ల మీద నడిచే ప్రతి బండికి జనరల్ డబ్బాలు పెట్టాలె, వాటి సంఖ్య ప్లాట్‌ఫారం మీద రాయాలె.